చదరంగపు గింజల సంఖ్యలో ఆరు మడతలు

చదరంగపు గళ్ళలో ఒకటి, రెండు, నాలుగు అంటూ రెట్టింపు చేస్తూ గింజలు పెట్టే పాత కథ విని, మొత్తం 18446744073709551615 అని నోటుపుస్తకంలో రాసుకొని, హనుమకొండలో మా వీధి పిల్లవాడొకడు వచ్చి "సార్, ఇది ప్రధాన సంఖ్యేనా?" అని అడిగాడు. చివర అయిదు ఉంది చూడరా అన్నాను. నాలుక కరుచుకున్నాడు గాని, "మరి అయిదుతో భాగిస్తే వచ్చేదో?" అన్నాడు. అసలు ప్రశ్న అదే.

వెయ్యి బియ్యపు గింజలు 20 గ్రాములు తూగుతాయనుకుంటే ఈ రాశి దాదాపు 37 వేల కోట్ల టన్నులు; వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్ యార్డు మాట అటుంచి, ప్రపంచమంతా ఇప్పటి లెక్కన ఆరు వందల ఏళ్ళు పండించినా చాలదు. కథ చెప్పేవారు ఇక్కడితో ఆగిపోతారు.

ఈ సంఖ్య 2⁶⁴−1. ఘాతాంకం 64ను పొడవుగా తీసుకొని దీన్ని 64 మూరల వరంగల్ కొత్తవాడ జంపఖానా అనుకోండి. a²−1 అంటే (a+1)(a−1) కనుక, సగానికి మడిచినప్పుడల్లా పొడవు సగమై, మడత దగ్గర ఒక కారణాంకం గీతలా పడుతుంది. మొదటి మడతకు 2³²+1, తర్వాత 2¹⁶+1, ఆపైన 257, 17, 5, 3. ఆరు మడతలయ్యాక చేతిలో మిగిలేది 2−1, అంటే ఒకటి. ఇరవై అంకెల సంఖ్య భాగహారమే లేకుండా విడిపోయింది. అంకెలన్నీ కూడితే 87 వస్తుంది. అది ఈ సంఖ్యను 3 భాగిస్తుందని, 9 భాగించదని మాత్రమే చెబుతుంది. కూడితే తొమ్మిది వచ్చే బండి నంబరు కోసం వేలంలో డబ్బు పోసేవారికి అంకెల మొత్తం అంతకుమించి ఏమీ చెప్పదు.

మడతల దగ్గర పడే ఈ గీతలన్నీ ప్రధాన సంఖ్యలేనని 17వ శతాబ్దంలో గణితజ్ఞుడు ఫెర్మా నమ్మాడు. 3, 5, 17, 257, 65537 వరకు ఆ నమ్మకం నిలిచింది. మొదటి మడత 4294967297 మాత్రం 641తో తెగుతుందని 1732లో మరో గణితజ్ఞుడు ఆయిలర్ చూపాడు. 5×2⁷ అంటే 640, అది 641 కన్నా ఒకటి తక్కువ, కాబట్టి 641తో భాగిస్తే శేషం −1 అనుకోవచ్చు; నాలుగో ఘాతానికి పెంచితే 5⁴×2²⁸కు శేషం 1. కానీ 5⁴ అంటే 625, అది 641 కన్నా 16 తక్కువ కనుక దాని శేషం −2⁴. దాన్ని అక్కడ పెడితే −2³²కు శేషం 1, అంటే 2³²+1కు శేషం సున్నా. రెండో ముక్క 6700417, అదీ ప్రధాన సంఖ్యే. ఈ నిరూపణను నల్లబల్ల మీద మూడు వరుసల్లో రాయవచ్చు; అయినా మన తరగతుల్లో 641 పేరే వినిపించదు.

మిగిలిన అయిదు గీతలను గుణిస్తే 4294967295 వస్తుంది. స్కేలు, వృత్తలేఖినితో మాత్రమే గీయగలమని ఇప్పటివరకు తెలిసిన బేసి భుజాల క్రమ బహుభుజుల్లో అతిపెద్దదానికి సరిగ్గా అన్నే భుజాలు. చదరంగపు బల్లలో మొదటి సగం, అంటే 32 గళ్ళు, నింపడానికి పట్టే గింజలూ అన్నే.