ఎరెన్‌కు భయం నేర్పింది ఎవరు?

మంగాను, అంటే జపాన్ బొమ్మల కథను, నటీనటులతో సినిమాగా తీయవచ్చా, తీస్తే ఎంతవరకు మార్చవచ్చు అనే చర్చ జపాన్‌లో రేగిన ప్రతిసారీ ముందుగా బోనెక్కేది హజిమె ఇసయామా మంగా ఆధారంగా 2015లో వచ్చిన సినిమా ‘అటాక్ ఆన్ టైటన్’. ఈసారీ అదే జరుగుతోంది. ‘మూలకథను చెడగొట్టారు’ అన్న పదేళ్లనాటి తీర్పునే మళ్లీ చదివి వినిపిస్తున్నారు. ఆ తీర్పులో ఒక ముఖ్యమైన సాక్ష్యాన్ని మొదటినుంచీ పక్కన పెట్టారు.

మనుషులను తినే టైటన్లనే రాక్షసాకారులు, వాటిని ఆపే 50 మీటర్ల గోడలు, ఆ గోడ మీదుగా తొంగిచూసిన 60 మీటర్ల మహాకాయుడు, వాటిపై పగబట్టిన కుర్రవాడు ఎరెన్. ఇవన్నీ పాఠకులకు తెలిసినవే. అందుకే సరాసరి స్క్రిప్టు దగ్గరికి వెళ్తాను. గొడవంతా మొదలైంది అక్కడే.

సినిమా మీద అభిమానుల ఫిర్యాదులు ప్రధానంగా మూడు. ఒకటి, మంగాలో అందరూ ప్రాణంగా చూసుకునే యోధుడు లీవై తెర మీద లేడు, అతని స్థానంలో షికిషిమా అనే కొత్త పాత్ర వచ్చింది. రెండు, షికిషిమా మికాసాకు ఆపిల్ తినిపించే దృశ్యం. ఎరెన్‌ను కంటికి రెప్పలా కాచుకునే మికాసాను అలా చూపడం చాలామందికి కడుపు మండించింది. మూడోది అన్నిటికన్నా పెద్దది. టైటన్లను ఒక్కటి మిగలకుండా చంపుతానని ప్రతిజ్ఞ చేసిన ఎరెన్ సినిమాలో వాటిని చూసి కాళ్లు చేతులు ఆడక నిలబడిపోతాడు.

ఈ మూడో ఫిర్యాదుకు స్క్రిప్టు రాసిన ఇద్దరిలో ఒకరైన తొమొహిరో మచియామా అప్పట్లోనే బహిరంగంగా జవాబిచ్చారు. తాము మొదట రాసింది మంగాకు దగ్గరగానే ఉందని, మార్చమని అడిగింది మూల రచయిత హజిమె ఇసయామానే అని చెప్పారు. గోడ అవతల నుంచి అంత పెద్ద ఆకారం వచ్చి మనుషులను నమిలేస్తుంటే మామూలు కుర్రవాడు కత్తి దూసి ముందుకు ఉరకడు, భయంతో కొయ్యబారిపోతాడు. ఇసయామాకు కావలసింది ఆ కుర్రవాడు. జపాన్ నటులతో జపాన్‌లా కనిపించే చోట కథ నడపాలనుకున్నాక లీవై లాంటి పేరు అందులో ఇమడలేదు. మచియామా వృత్తిరీత్యా సినిమా విమర్శకుడు. ఇతరుల సినిమాలను నిర్మొహమాటంగా తూర్పారబట్టే మనిషి కాబట్టి, ఆయన మాటను తప్పించుకునే సాకుగానే చాలామంది కొట్టిపారేశారు.

నేను ఆయన మాటను నమ్ముతాను. ఈ కథ పుట్టిన తీరే అందుకు కారణం. ఇసయామా ఇంటర్నెట్ కెఫేలో పనిచేస్తున్న రోజుల్లో తాగి వచ్చిన ఒక కస్టమర్ ఆయన కాలరు పట్టుకున్నాడు. ఎదుట ఉన్నది మనిషే, కానీ ఏ మాటా అతనికి చేరదు. సాటి మనిషి అంత భయంకరంగా ఉండగలడన్న ఆ అనుభవం నుంచే టైటన్లు వచ్చాయని ఆయనే చెప్పారు. ఆ క్షణంలో ఇసయామా ప్రతిజ్ఞలేమీ చేసి ఉండరు. 2009లో మంగా మొదలయ్యాక ధైర్యం ఎరెన్‌కు దక్కింది, భయం రచయిత దగ్గరే ఉండిపోయింది.

మరి అభిమానులకు అంత కోపం ఎందుకు వచ్చింది? దానికి జవాబు 2013 ఏప్రిల్‌లో ఉంది. తెత్సురో అరాకి దర్శకత్వంలో విట్ స్టూడియో తీసిన యానిమే, అంటే యానిమేషన్ ధారావాహిక, ఆ నెలలో మొదలైంది. పళ్లు బిగించి గర్జించే ఎరెన్ గొంతు ప్రపంచమంతా మారుమోగింది. అప్పటిదాకా మంగా పుటల్లో ఉన్న కుర్రవాడికి కదలిక, గొంతు, సంగీతం తోడయ్యాయి. కోట్లమందికి అదే అసలు ఎరెన్ అయిపోయాడు. నిజానికి సినిమా కూడా 2013లోనే రావలసింది. ముందు దర్శకుడిగా ప్రకటించిన తెత్సుయా నకషిమా స్క్రిప్టు విషయంలో పొసగక 2012 డిసెంబరులో తప్పుకున్నారు. ఏడాది తర్వాత షింజి హిగుచి పేరు ప్రకటించారు. ఆ మధ్యకాలంలోనే యానిమే వచ్చి జనం మనసుల్లో పాతుకుపోయింది. ఆ ఆలస్యమే సినిమాను సగం ఓడించిందని నా అభిప్రాయం.

హిగుచి 1990లలో రాక్షస తాబేలు గమెరా మూడు సినిమాలకు స్పెషల్ ఎఫెక్టులు నడిపించినవారు. టైటన్లను ఆయన పూర్తిగా కంప్యూటర్‌కు వదిలేయలేదు. మామూలు మనుషులకే మేకప్ వేసి చిత్రీకరించి, ఆ బొమ్మను పెద్దది చేసి దృశ్యాల్లో కలిపారు. అందుకే ఆ టైటన్లకు వేలాడే పొట్టలు, సాదా ముఖాలు ఉంటాయి. పక్కింటి పెద్దమనిషి నవ్వుతూ వంగి మనిషిని నోట్లో పెట్టుకున్నట్టు ఉంటుంది. కెఫేలో కాలరు పట్టుకున్న కస్టమర్‌కు ఇంత దగ్గరగా మరే రూపమూ రాలేదు. 2014లో నాగసాకి తీరంలోని హషిమా దీవిలో కొంత చిత్రీకరణ జరిగింది. 1974లో బొగ్గు గని మూతపడ్డాక జనం విడిచిపోయిన దీవి అది. చుట్టూ సముద్రపు గోడ, లోపల శిథిలమైన కాంక్రీటు భవనాలు. ఇంతకన్నా తగిన చోటు ఎక్కడ దొరుకుతుంది?

సినిమాలో లోపాలు లేవని కాదు. రెండు భాగాలూ కలిపి మూడు గంటలకు కాస్త పైన మాత్రమే, అందులోనూ రెండో భాగం మాటల్లో వివరించడానికే చాలా సమయం ఖర్చు చేసింది. ఆగస్టు 1న విడుదలైన మొదటి భాగం సుమారు 325 కోట్ల యెన్లు రాబట్టింది. సెప్టెంబరు 19న వచ్చిన రెండోది 168 కోట్ల దగ్గర ఆగింది. ఏడాది తిరిగేసరికి అదే హిగుచి, హిదెయాకి అన్నోతో కలిసి దర్శకత్వం వహించిన ‘షిన్ గాడ్జిల్లా’ విడుదలై, 2017లో జపాన్ అకాడమీ ఉత్తమ చిత్రమైంది. చేతకానివాడి చేతిలో పడి టైటన్ పాడైందనే వాదన అక్కడితో వీగిపోవాలి. వీగలేదు.

ఆ తర్వాత జరిగినవి చూసినా ఇసయామా తన కథను రాతిమీద చెక్కిన శాసనంగా ఏనాడూ భావించలేదని తెలుస్తుంది. 2018లో యానిమే మూడో సీజన్ వచ్చినప్పుడు, రాజుపై తిరుగుబాటు ఘట్టం తనకు తృప్తినివ్వలేదని, మార్చి తీయమని ఆయనే కోరారు. మంగా 2021 ఏప్రిల్‌లో ముగిసింది. 2023 నవంబరులో వచ్చిన యానిమే చివరి భాగంలో ఎరెన్, అతని స్నేహితుడు ఆర్మిన్‌ల ఆఖరి సంభాషణను ఆయన తిరిగి రాశారు. ఈ రెండు మార్పులనూ చాలామంది అభిమానులు మెచ్చుకున్నారు. 2015 సినిమాకు ఆయన అడిగిన మార్పుకు మాత్రం ఇప్పటికీ దర్శకుడినే తిడుతున్నారు.

నేటి చర్చ వేడెక్కడానికి కారణం వేరు. 2023 చివర్లో ‘సెక్సీ తనాకా సాన్’ అనే మంగా టీవీ ధారావాహికగా వచ్చింది. మూలానికి కట్టుబడి తీయాలన్న షరతు మీదే రచయిత్రి హినాకో అషిహరా ఒప్పుకున్నారు. స్క్రిప్టులు పదేపదే దారి తప్పుతుంటే దిద్దీ దిద్దీ, చివరి రెండు భాగాలను ఆమే రాసుకోవలసి వచ్చింది. ఆ సంగతి బయటపెట్టిన కొద్ది రోజులకే, 2024 జనవరిలో, ఆమె ప్రాణాలు కోల్పోయారు. ఆ తర్వాత టీవీ సంస్థా ప్రచురణ సంస్థా వేర్వేరు నివేదికలు ఇచ్చాయి. అప్పటినుంచి ‘మూలాన్ని ముట్టుకోవద్దు’ అనే నినాదం బలపడింది. ఆ బాధ నాకు అర్థమవుతుంది, ఆ కోపం న్యాయమైనదే. కానీ ఆ నినాదం కింద టైటన్‌నూ తనాకా సాన్‌నూ ఒకే గాటన కట్టడం ఇద్దరు రచయితలకూ అన్యాయం. ఆమె మార్చవద్దన్నారు, ఆ మాట సరిగా చేరలేదు. ఆయన మార్చమన్నారు, ఆ మాట విన్నారు. మూల రచనను రచయిత ఇష్టానికి విరుద్ధంగా మార్చకూడదని జపాన్ కాపీరైట్ చట్టం 20వ అధికరణం చెబుతోంది. ఆ హక్కు రచయితది, అభిమానులది కాదు.

ఇసయామా పుట్టి పెరిగిన ఒయితా రాష్ట్రం హితా నగరంలో ఒయామా ఆనకట్ట ఉంది. 2020లో దాని ముందు ఎరెన్, మికాసా, ఆర్మిన్‌ల కంచు విగ్రహాలు పెట్టారు. మహాకాయుడు తొంగిచూసిన తొలి క్షణం అది. ముగ్గురూ పిల్లలు, ముగ్గురూ తలెత్తి ఆ ఎత్తైన గోడ వైపే చూస్తున్నారు. ఎరెన్ ఇంకా ప్రతిజ్ఞ చేయలేదు.