అక్వేరియంలో పాచి: అపోహలు - వాస్తవాలు

నెల్లూరులో ఇళ్లకు వెళ్లి అక్వేరియంలు శుభ్రం చేయడం నా పని. ఫోన్ చేసినవాళ్లలో ఎక్కువమంది అడిగేది ఒకటే: "అన్నా, పాచి పోయేదానికి మందేమన్నా ఉందా?"

అపోహ: పాచి పడితే నీళ్లన్నీ మార్చేయాలి.

మాగుంట లేఅవుట్‌లో ఒకరింట్లో మూడడుగుల ట్యాంకు. నీళ్లు గోరింటాకు రుబ్బి కలిపినట్టున్నాయి. ఆ ఇంటి పెద్దాయన ప్రతి ఆదివారం ట్యాంకంతా ఖాళీ చేసి, గులకరాళ్లు, ఫిల్టర్ స్పాంజి కుళాయి కింద తోమి మళ్లీ నింపేవారు. గురువారానికల్లా మళ్లీ పచ్చన. "నీళ్లలోనే ఏదో ఉంది అబ్బయా" అన్నారు.

తూర్పు కిటికీలోంచి ఎండ పదింటిదాకా ట్యాంకు మీదే పడుతోంది. ఇక మేత సంగతి. వాకింగ్‌కు వెళ్లే ముందు పెద్దాయన, టిఫిన్లయ్యాక కోడలు, బడి నుంచి రాగానే మనవడు. ఒకరు వేసింది ఇంకొకరికి తెలియదు. మిగిలిన మేత, చేపల రెట్ట కలిసి చివరికి నైట్రేట్, ఫాస్ఫేట్‌గా మారతాయి. పాచికి అదే ఎరువు.

స్పాంజిలో అమ్మోనియాను తగ్గించి మేలు చేసే బ్యాక్టీరియా ఉంటుంది. కుళాయి నీళ్లలోని క్లోరిన్‌కు అది చచ్చిపోతే అమ్మోనియా పెరిగి చేపలకే ముప్పు. అందుకే వారానికి పావు వంతు నీళ్లే మార్చండి. స్పాంజిని ట్యాంకులోంచి తోడిన నీళ్లలోనే పిండండి.

ఆ ఇంట్లో నాలుగు రోజులు లైటు ఆపి, దుప్పటి కప్పించాను. మేత బంద్, గాలి మోటారు మాత్రం ఆన్. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలకు ఆ పస్తు ఏమీ కాదు. ఐదో రోజు దుప్పటి తీస్తే వెనక అంటించిన పగడాల బొమ్మ కనపడింది. ఆ తర్వాత స్టాండు కిటికీ దగ్గర్నుంచి జరిపాం.

అపోహ: లైటు ఎంతసేపు వేస్తే చేపలకు అంత హుషారు.

రోజుకు 6 నుంచి 8 గంటలు చాలు. చేపలకూ చీకటి కావాలి. మర్చిపోయేవాళ్లయితే ప్లగ్గుకు టైమర్ పెట్టుకోండి.

అపోహ: సక్కర్ ఫిష్ ఒకటి వేస్తే అదే తినేస్తుంది.

షాపులో రెండంగుళాలుండే ఆ చేప పెరిగితే అడుగు దాటుతుంది. అది వేసే రెట్ట చూస్తే పాచి తిన్న లాభం మర్చిపోతారు. పెద్దదయ్యాక చెరువులో మాత్రం వదలకండి. వలలు చించేస్తోందని చేపల రైతులు తిట్టుకునే దెయ్యం చేప ఈ జాతిదే.

అపోహ: కాస్త మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) వేస్తే పోతుంది.

పాచి పోవచ్చు. దాంతోపాటు నత్తలు, రొయ్యలు కూడా పోతాయి, మోతాదు కాస్త ఎక్కువైతే చేపలూ పోతాయి. పైగా చచ్చిన పాచి కుళ్లుతూ నీళ్లలో ఆక్సిజన్ లాగేస్తుంది. ఇందుకూరుపేట వైపు రొయ్యల రైతుకు ఇది చెప్పక్కర్లేదు, చెరువులో బ్లూమ్ (నీళ్లంతా పట్టిన పాచి) ఒక్కసారిగా చచ్చిన రాత్రి ఆయనకు నిద్రే ఉండదు. మందు కంటే మనీ ప్లాంట్ నయం. వేర్లు మాత్రమే నీళ్లలో మునిగేలా పెడితే నైట్రేట్ అది పీల్చుకుంటుంది.

అపోహ: పాచి అంతా ఒకటే.

కొత్త ట్యాంకులో పడే గోధుమరంగు పొడి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది, టెన్షన్ వద్దు. దుప్పటిలా పరుచుకుని కంపు కొట్టే నీలిపచ్చ పొర అసలు పాచే కాదు, ఒక రకం బ్యాక్టీరియా. దాన్ని ట్యూబుతో లాగి పారబోయండి. వెనక అద్దానికి పట్టిన పలచటి పచ్చదనాన్ని నేనైతే గీకను, మోలీ చేపలు కొరుక్కుంటాయి.

మాగుంట లేఅవుట్ ఇంట్లో ఇప్పుడు మేత డబ్బా పెద్దాయన బీరువాలో ఉంటోంది. ఆ మనవడు నాతో మాట్లాడటం మానేశాడు.