పేగు నల్లబడకముందే గడ్డను తీయాలి

కడుపు పట్టి చూస్తే మెత్తగానే ఉంటుంది. మనిషి మాత్రం నొప్పితో మెలికలు తిరిగిపోతుంటాడు. పేగులకు రక్తం తీసుకెళ్లే సుపీరియర్ మెసెంట్రిక్ ధమనిలో ఉన్నట్టుండి రక్తపు గడ్డ అడ్డుపడితే మొదట కనిపించేది ఇదే. ఆ గడ్డ చాలాసార్లు గుండెలోనే పుడుతుంది. గుండె లయ తప్పి కొట్టుకునే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నవాళ్లకు ఈ ముప్పు ఎక్కువ. కీళ్లవాత జ్వరం (రుమాటిక్ ఫీవర్) వల్ల గుండె కవాటాలు దెబ్బతిన్నవాళ్లు మన ఊళ్లలో ఇప్పటికీ ఉన్నారు కాబట్టి ఇది మనకు దూరపు సంగతి కాదు.

జర్మన్ వైద్యుడు విర్కో 19వ శతాబ్దం మధ్యలోనే ఈ జబ్బును వివరించాడు. చికిత్సకే దారి దొరకలేదు. 1895లో అమెరికా సర్జన్ ఇలియట్ రక్తం అందక చచ్చిపోయిన పేగును కోసి తీసేసి రోగిని బతికించాడు. ఆ తర్వాత చాలాకాలం సర్జన్లకు తెలిసిన మార్గం అదొక్కటే. దీన్ని కనిపెట్టడం అసాధ్యం, బతుకు మీద ఆశ లేదు, వైద్యం దాదాపు వృథా అన్న అభిప్రాయం ఉందని 1926లో సర్జన్ కొకినిస్ రాశాడు. 1911లో పారిస్‌లో లాబే అనే సర్జన్ తొడ ధమనిలోంచి గడ్డను విజయవంతంగా తీశాడు. కాలికి పనికొచ్చింది కడుపులోకి రావడానికి మాత్రం దశాబ్దాలు పట్టింది.

నా దృష్టిలో అసలు మలుపు కెనడా సర్జన్ క్లాస్ 1951లో ప్రచురించిన కేసు. ఆయన పేగును కోయలేదు. ధమనిని తెరిచి గడ్డను మాత్రమే తీశాడు. రోగి దక్కలేదు, కానీ పేగు దక్కింది. రక్తం మళ్లీ పారితే పేగు కోలుకుంటుందని అలా తేలింది. 1957లో బోస్టన్ సర్జన్లు షా, రట్‌లెడ్జ్ ఇదే పద్ధతిలో రోగి ప్రాణం కూడా నిలిచిందని ప్రకటించారు.

ఇక పనిముట్టు సంగతి. అప్పట్లో గడ్డను వెలికి తీయడమే పెద్ద తంటా. అమెరికా వైద్యుడు థామస్ ఫోగర్టీ సిన్సినాటిలో సన్నని గొట్టం చివర సర్జికల్ గ్లవ్ వేలి ముక్కను బుడగలా కట్టాడు. ఆ ముడి ఆయన చేపలు పట్టే సరదాలో నేర్చుకున్నదే! బుడగ ముడిచి ఉండగా గొట్టాన్ని గడ్డ దాటించి, అప్పుడు ఉబ్బించి వెనక్కి లాగితే గడ్డ దాంతో పాటు వచ్చేస్తుంది. 1963లో ప్రచురించిన ఆ పద్ధతినే ఇప్పటికీ వాడుతున్నారు. గడ్డ తీశాక పేగు పరిస్థితి మీద అనుమానం ఉంటే 24 నుంచి 48 గంటల్లో మళ్లీ కడుపు తెరిచి చూస్తారు.

ఇన్ని వచ్చినా మరణాలు ఇంకా ఎక్కువే. కారణం ఆలస్యం. రక్తనాళాలను చూపించే స్కాన్ అయిన సీటీ యాంజియోగ్రామ్‌లో అడ్డు నిమిషాల్లో కనిపిస్తుంది, కానీ ఆ స్కాన్ రాయాలన్న ఆలోచన ముందు రావాలి. గ్యాస్ నొప్పి అనుకుని ఇంజెక్షన్ ఇచ్చి పంపేస్తే, మళ్లీ వచ్చేసరికి పేగు నల్లబడి ఉంటుంది.