ఇమ్యూనిటీ కోసం ఏం తినాలె? పాలమూరు, నల్గొండ ఇళ్లలో వినే అపోహలు - వాస్తవాలు

మహబూబ్‌నగర్‌లో డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. కరోనా తర్వాత నా దగ్గరికి వచ్చేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న, "మేడం, ఇమ్యూనిటీ పెరగాలంటే ఏం తినాలె?" అని. నిన్న పొద్దున లేచినప్పటి నుంచి పడుకునేదాకా ఏమేం తిన్నారో చెప్పమని నేను తిరిగి అడుగుతాను. చాలామంది జవాబు ఇంచుమించు ఒకేలా ఉంటుంది. పొద్దున చాయ్, బిస్కెట్లు. పగలు అన్నం, పచ్చిపులుసో టమాట కూరో. సాయంత్రం మళ్లీ చాయ్, మిర్చీ బజ్జీ. రాత్రి అన్నం, తొక్కు, ఉంటే మజ్జిగ. కడుపు నిండుతోంది. పప్పు, గుడ్డు, ఆకుకూర, పండు మాత్రం రోజంతా ఎక్కడా కనబడవు.

రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాలు, యాంటీబాడీలు తయారయ్యేది ప్రొటీన్‌తో. అవి సరిగ్గా పనిచేయాలంటే ఐరన్, జింక్, విటమిన్ ఎ, సి, డి లాంటివి కావాలి. వీటిలో ఏది తక్కువైనా మనిషి తొందరగా జబ్బుపడతాడు, ఆలస్యంగా కోలుకుంటాడు. అలాగని అన్నీ సరిపడా అందుతున్న మనిషి ఒక్కదాన్ని ఇంకా ఎక్కువగా తింటే శక్తి రెట్టింపు కాదు. అందుకే మన కంచంలో ఏం లేదో చూసి దాన్ని నింపుకోవాలి. ఆ లేనివాటిలో చాలావరకు మన చేన్లలో, మన అంగళ్లలో దొరికేవే.

అపోహ: డెంగీ వస్తే కివీ, డ్రాగన్ ఫ్రూట్ తినాలి, ప్లేట్‌లెట్లు పెరుగుతాయి

వానాకాలంలో ఏ దవాఖాన ముందు చూసినా ఈ రెండు పండ్లే అమ్ముతారు. అప్పు చేసి మరీ కొనేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. డెంగీలో ప్లేట్‌లెట్లు కొన్ని రోజులు పడిపోయి, ప్రమాద దశ దాటాక చాలామందిలో వాటంతటవే పెరుగుతాయి. ఆ రోజుల్లో పండు తిన్నాం కాబట్టి పెరిగాయని అనుకుంటాం.

విటమిన్ సి కోసమే అయితే కివీలో 100 గ్రాములకు సుమారు 90 మిల్లీగ్రాములు ఉంటుంది. మన జామపండులో 200కు పైనే ఉంటుంది, ఉసిరికాయలో ఇంకా ఎక్కువ. పెద్దవాళ్లకు రోజుకు కావలసింది 65 నుంచి 80 మిల్లీగ్రాములే, అంటే ఒక్క జామకాయ చాలు. నల్గొండ బత్తాయి కూడా మంచిదే. రసం వడగట్టి చక్కెర కలపకుండా, తొనలుగా తింటే పీచు కూడా దక్కుతుంది. విటమిన్ సి రోజూ తిన్నా జలుబు రాకుండా ఆగదు. వచ్చిన జలుబు కాస్త ముందుగా తగ్గొచ్చు, అంతే.

డెంగీలో ముఖ్యమైనవి నీళ్లు. ఓఆర్ఎస్, కొబ్బరినీళ్లు, గంజి, పలచని మజ్జిగ గంట గంటకు కొంచెం కొంచెం తాగించాలి. బొప్పాయి ఆకు రసం బలవంతంగా తాగిస్తే వాంతులై ఒంట్లో ఉన్న నీరు కూడా పోయే ప్రమాదం ఉంది. జ్వరం దిగాక కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, విపరీతమైన నీరసం కనిపిస్తే పండ్ల గురించి ఆలోచించకుండా వెంటనే దవాఖానకు పోవాలి.

అపోహ: బెల్లం చాయ్ తాగితే రక్తం పడుతుంది

రోడ్డు పొడుగునా బెల్లం చాయ్ హోటళ్లు వెలిశాక ఈ మాట బాగా పాకింది. లెక్క చూడండి. చాయ్‌లో వేసే పది గ్రాముల బెల్లంలో ఐరన్ అర మిల్లీగ్రాము కూడా ఉండదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) లెక్క ప్రకారం వయసులో ఉన్న ఆడమనిషికి రోజుకు 29 మిల్లీగ్రాములు కావాలి. పైగా చాయ్‌లోని టానిన్లు అనే వగరు పదార్థాలు, తిండిలోంచి వచ్చే ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవు. అన్నం తిన్న వెంటనే చాయ్ తాగే అలవాటు ఉన్న ఇంట్లో, పప్పు, ఆకుకూర వండినా వాటిలోని ఐరన్‌లో చాలా భాగం వృథా అవుతుంది. తిండికి గంట ముందు, గంట తర్వాత చాయ్, కాఫీ వద్దని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో కూడా చెప్పింది.

దీని గురించి నేను గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతానికి పైగా, ఐదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తం తక్కువగా ఉన్న పిల్లకు ఇమ్యూనిటీ పౌడర్లు తాగించి ప్రయోజనం లేదు.

తిండితో చేయగలిగింది ఇది. పుంటికూర, తోటకూర, మునగాకు, గంగవాయిలి కూర వారంలో నాలుగైదు సార్లైనా పప్పుతో వండుకోవాలి. పైన నిమ్మకాయ పిండుకుంటే ఐరన్ బాగా పడుతుంది. పప్పులో చింతపండు గానీ మామిడికాయ గానీ వేసే మన పద్ధతి ఇందుకు బాగా పనికొస్తుంది. జొన్న కన్నా సజ్జలో ఐరన్ ఎక్కువ, కాబట్టి చలికాలంలో సజ్జ రొట్టెకు మళ్లండి. మాంసం తినేవాళ్లకు కార్జం చాలా మంచిది, అందులోని ఐరన్ ఒంటికి తేలికగా పడుతుంది. కాకపోతే గర్భిణులు అందులో విటమిన్ ఎ మరీ ఎక్కువ కాబట్టి డాక్టర్‌ను అడిగి తినాలి.

హిమోగ్లోబిన్ బాగా పడిపోయినవాళ్లకు మాత్రం తిండి ఒక్కటే సరిపోదు. ఐరన్ గోలీలు వేసుకోవాల్సిందే. "కడుపులో తిప్పుతోంది మేడం, మానేసిన" అని చాలామంది చెబుతారు. మానేయకండి, రాత్రి పడుకునే ముందు వేసుకుని చూడండి, అప్పటికీ ఇబ్బందైతే డాక్టర్‌కు చెప్పి మార్పించుకోండి. బడిలో, అంగన్‌వాడీలో ఇచ్చే నులిపురుగుల గోలీ కూడా పిల్లలకు తప్పక వేయించాలి. పురుగులు ఉంటే ఎంత పెట్టినా రక్తం నిలవదు.

అపోహ: పల్లీలు తింటే పైత్యం, దగ్గు, కొవ్వు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ చుట్టూ పల్లి పండించే ఇళ్లలోనే ఈ భయం ఉండడం నన్ను బాధపెడుతుంది. 100 గ్రాముల పల్లీల్లో 24 గ్రాముల దాకా ప్రొటీన్ ఉంటుంది. అంత ప్రొటీన్ ఇంత తక్కువ ధరకు ఇచ్చేవి చాలా తక్కువ.

55 కిలోల బరువున్న ఆడమనిషికి రోజుకు దాదాపు 46 గ్రాముల ప్రొటీన్ కావాలి. రోజంతా 300 గ్రాముల బియ్యం వండుకుని తింటే 24 గ్రాములే వస్తుంది. మిగతా సగం ఎక్కడి నుంచి రావాలి? గుప్పెడు పల్లీలతో 7 గ్రాములు, ఒక గుడ్డుతో 6, ఒక గిన్నె చిక్కటి పప్పుతో మరో 7. దగ్గర దగ్గర సరిపోయింది. గుడ్డు తినని వాళ్లు ఆ చోట పెసర గుడాలో, బబ్బెర్ల గుడాలో తినొచ్చు. గుడాలతో గ్యాస్ వస్తుందంటే రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మెత్తగా ఉడికించి, ఎల్లిపాయ, జీలకర్రతో పోపు వేయండి. కొంచెంతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుకుంటే కడుపుకు అలవాటవుతుంది. కొవ్వు మాటకొస్తే, గుప్పెడుతో ఏమీ కాదు. పల్లీ అలర్జీ ఉన్నవాళ్లు మాత్రం ముట్టకూడదు. చిన్న పిల్లలకు గింజలుగా ఇస్తే గొంతుకు అడ్డం పడతాయి, పొడి చేసి పెట్టాలి.

పల్లీల విషయంలో నిజంగా భయపడాల్సింది బూజుకు. సరిగ్గా ఎండని కాయలో, తడి గోనెసంచుల్లో పెరిగే బూజు నుంచి అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, క్యాన్సర్‌కు దారితీస్తుంది. వేయించినా పూర్తిగా పోదు. మన రైతు ఇళ్లలో మంచి కాయ మార్కెట్‌కు పోతుంది, ముడుచుకుపోయినవి, పుచ్చులు ఇంటి వాడకానికి మిగులుతాయి. ఏరేటప్పుడు రంగు మారినవి, ముడతలు పడినవి, పచ్చగా బూజు పట్టినవి, నోట్లో చేదు తగిలినవి పారేయండి. గానుగకు ఇచ్చే గింజల్ని కూడా ఇలాగే ఏరాలి, లేకపోతే ఆ విషం కొంత నూనెలోకి దిగుతుంది. బూజు పల్లీల చెక్క బర్రెకు పెడితే పాలలోకి కూడా వస్తుంది.

అపోహ: పిల్లలకు ఎదుగుదల కావాలంటే హెల్త్ డ్రింక్ ఉండాలి

మన ఆహార భద్రతా చట్టంలో "హెల్త్ డ్రింక్" అనే దానికి నిర్వచనమే లేదు. 2024 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం ఆన్‌లైన్ అమ్మకం సైట్లకు ఇలాంటి పౌడర్లను ఆ పేరు కింద అమ్మవద్దని చెప్పింది. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో రాసింది చదవండి, కొన్నింటిలో మూడో వంతు చక్కెరే.

సద్దుల బతుకమ్మ నాడు నువ్వులు, పల్లీలు, పెసర్లు వేయించి సత్తు చేసి పంచుకుంటాం. దాన్ని పండక్కే వదిలేయకుండా ఇంట్లో ఎప్పుడూ ఉంచుకోవచ్చు. పుట్నాలు, పల్లీలు, నువ్వులు దోరగా వేయించి, కొంచెం బెల్లంతో పొడి కొట్టి డబ్బాలో పోస్తే పదిహేను రోజులు నిలుస్తుంది. బడి నుంచి వచ్చిన పిల్లకు రెండు చెంచాలు పాలలో కలిపినా, ముద్దలు కట్టి ఇచ్చినా ఐదు రూపాయల ప్యాకెట్ అడగదు. నువ్వుల్లో కాల్షియం, జింక్ రెండూ బాగా ఉంటాయి. ఏడాది నిండని పిల్లలకు తేనె మాత్రం అస్సలు నాకించొద్దు, బాట్యులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు రావచ్చు.

అపోహ: సిరిధాన్యాలు ఎంత తిన్నా షుగర్ పెరగదు

పెరుగుతుంది. జొన్నలు, తైదలు (రాగులు), కొర్రలు కూడా పిండిపదార్థమే, బియ్యం కన్నా కొద్దిగానే తక్కువ. వీటిలో పీచు ఎక్కువ కాబట్టి షుగర్ నెమ్మదిగా ఎక్కుతుంది. అయితే మెత్తగా పట్టించి పలచగా కాచిన అంబలి గ్లాసుల కొద్దీ తాగితే ఆ లాభం కూడా తగ్గిపోతుంది. రెండు జొన్న రొట్టెలు, గిన్నెడు పప్పు లేదా ఆకుకూర, కొంచెం పెరుగు, ఇది షుగర్ ఉన్నవాళ్లకు సరైన రాత్రి భోజనం. మిల్లెట్ బిస్కెట్లు, మిల్లెట్ నూడుల్స్ కొనేముందు ప్యాకెట్ మీద మొదట రాసిన పదార్థమేమిటో చూడండి. చాలాసార్లు మైదానే ఉంటుంది.

బియ్యం మీద నాకు కోపం లేదు. 2025 ఉగాదికి హుజూర్‌నగర్‌లో మొదలై రేషన్ షాపుల్లో సన్నబియ్యం వస్తున్నాయి, ఒక్కొక్కరికి ఆరు కిలోలు. అన్నం రుచిగా ఉంది కాబట్టి ఇంకో రెండు ముద్దలు ఎక్కువ తింటున్నాం. ఆ రెండు ముద్దల చోట పప్పు పెంచితే చాలు.

అపోహ: రోజూ కషాయం తాగితే ఏ రోగమూ దరిచేరదు

పసుపు, మిరియాలు, అల్లం కూరల్లో వాడుకోవడం మంచి అలవాటే. గొంతు నొప్పిగా ఉన్నప్పుడు ఒకటి రెండుసార్లు వేడి కషాయం తాగితే హాయిగా ఉంటుంది. పూటకో గ్లాసు ఘాటుగా తాగితే కడుపులో మంట రావచ్చు. పసుపు గోలీలు నెలల తరబడి మింగి కాలేయం దెబ్బతిన్న వాళ్లున్నారు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు డాక్టర్‌ను అడగకుండా ఇవి మొదలుపెట్టొద్దు.

అపోహ: పెరుగు, సీతాఫలం, అరటిపండుతో జలుబు చేస్తుంది

జలుబు చేసేది వైరస్. మన బాలానగర్ సీతాఫలాలు కార్తీకం వచ్చేసరికి అయిపోతాయి, పిల్లల్ని తిననివ్వండి.

అపోహ: బాలింతకు కారం, ఎల్లిపాయ మెతుకులు చాలు, జ్వరానికి లంఖణమే మందు

కాన్పులో రక్తం పోయిన తల్లికి, రోజంతా పాలిచ్చే తల్లికి మామూలు కన్నా ఎక్కువ తిండి కావాలి. పప్పు పెడితే బిడ్డకు కడుపునొప్పి, ఆకుకూర పెడితే పచ్చ విరేచనాలు, నీళ్లు ఎక్కువ తాగితే ఒళ్లు చల్లబడుతుంది అని అన్నీ ఆపేసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. అత్తమ్మలు, అమ్మమ్మలు కోడళ్ల మీద ప్రేమతోనే ఆపుతారని నాకు తెలుసు, అందుకే వాళ్లను కూడా వెంట తీసుకురమ్మంటాను. పప్పు, గుడ్డు, పాలు, మెంతికూర, మునగాకు అన్నీ మొదటి రోజు నుంచే పెట్టొచ్చు. 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద అంగన్‌వాడీలో గర్భిణులకు, బాలింతలకు ఒక పూట నిండు భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తున్నారు. ఇంటికి తెచ్చి అందరికీ పంచకుండా తల్లే తినాలి.

జ్వరంలో ఒంటికి మామూలు కన్నా ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. ఆకలి లేకపోతే బలవంతం వద్దు గానీ పెసరపప్పు కిచిడీ, పాలు, ఉడికించిన గుడ్డు, జావ ఏదో ఒకటి రెండు గంటలకోసారి ఇవ్వాలి. బ్రెడ్డు ముక్కలతోనే వారం గడిపితే కోలుకోవడం ఆలస్యమవుతుంది.

అపోహ: చింతపండు తింటే ఎముకలు అరుగుతాయి

నల్గొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు నుంచి వచ్చే పెద్దవాళ్లు ఈ భయంతో పులుపు పూర్తిగా మానేస్తారు. వాళ్ల నడుములు, మోకాళ్లు వంగిపోవడానికి కారణం పులుపు కానే కాదు, దశాబ్దాలు తాగిన ఫ్లోరైడ్ బోరు నీళ్లు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు బడిపిల్లలకు చింతపండు పెట్టి చూసినప్పుడు మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయింది. కాబట్టి చారు, పచ్చిపులుసు హాయిగా తినొచ్చు. అయితే ఒకసారి వంగిన ఎముకను చింతపండు గానీ మరేదైనా తిండి గానీ సరిచేయలేదు.

పాలు, పెరుగు, తైదలు, నువ్వుల్లోని కాల్షియం కడుపులో ఫ్లోరైడ్‌ను కొంత పట్టి ఉంచి రక్తంలోకి పోకుండా ఆపుతుంది. జామ, ఉసిరి ఇక్కడ కూడా పనికొస్తాయి. చాయ్ మాత్రం తగ్గించాలి, తేయాకులోనే ఫ్లోరైడ్ ఉంటుంది.

లీటరు నీటిలో ఫ్లోరైడ్ ఒక మిల్లీగ్రాము దాటకుండా ఉండాలి, వేరే దారి లేనప్పుడు కూడా 1.5 మించకూడదు. తాగడానికి నల్లా నీళ్లు పట్టుకుని, వంటకు మాత్రం బోరు నీళ్లు వాడే ఇళ్లున్నాయి. ఆ నీళ్లలో ఉడికిన అన్నం, పప్పు ద్వారా ఫ్లోరైడ్ ఒంట్లోకి పోతూనే ఉంటుంది. వంటకు కూడా నల్లా నీళ్లే వాడండి. చేనుకు, కూలికి పోయేవాళ్లు అక్కడి బోరు మీద ఆధారపడకుండా పొద్దున బయల్దేరేటప్పుడే ఇంటి నుంచి నీళ్లు నింపుకుపోవాలి, ముఖ్యంగా వెంట పిల్లలు ఉన్నప్పుడు.