ఎవరి ముందూ నిలబడకుండా చేసుకునే పరీక్ష

హెచ్‌ఐవి సోకిందో లేదో చెప్పే రక్తపరీక్షకు అమెరికాలో 1985లోనే అనుమతి లభించింది. మొదటి నుంచి చివరి వరకు ఎవరి సాయమూ లేకుండా ఇంట్లోనే చేసుకోగల పరీక్షకు మాత్రం ఆ దేశపు ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2012 జులైలో గాని అనుమతి ఇవ్వలేదు. ఈ 27 ఏళ్ల జాప్యంలో సాంకేతిక కారణాల వాటా కొంతే. ఒంటరిగా ఉన్న మనిషికి పాజిటివ్ అని తెలిస్తే తట్టుకోలేడని, ఏ అఘాయిత్యానికైనా పాల్పడతాడని వైద్యులు, అధికారులు భయపడటం మరో పెద్ద కారణం. చికిత్స లేని ఆ తొలి రోజుల్లో ఆ భయాన్ని తప్పుపట్టలేం. కానీ మందులు వచ్చి, హెచ్‌ఐవితో నిండు జీవితం గడపడం సాధ్యమయ్యాక కూడా ఆ భయం చాలాకాలం అలాగే కొనసాగింది.

పరీక్ష ఎవరికి అవసరమో వారి మాటలు వేరుగా ఉన్నాయి. గే, బైసెక్సువల్ పురుషుల అభిప్రాయాలను అనేక దేశాల్లో సేకరించగా, ఎక్కువమంది స్వీయ పరీక్షకు సుముఖత చూపారు. గోప్యత, తమకు వీలైన వేళలో చేసుకోగలగడం, సూదికి బదులు నోటి నమూనా సరిపోవడం వారు తరచుగా చెప్పిన కారణాలు. వీటన్నిటినీ కలిపి ‘సౌకర్యం’ అని నివేదికల్లో రాయడం పరిపాటి. నా దృష్టిలో ఆ మాట అసలు విషయాన్ని చిన్నది చేస్తుంది. పరీక్షా కేంద్రంలో అడిగే ప్రశ్నలు ఎలా ఉంటాయో చూడండి: మీ సంబంధాలు ఎవరితో, ఎంతమందితో, స్త్రీలతోనా పురుషులతోనా? వైద్యానికి ఇవి అవసరమైన ప్రశ్నలే. అయితే తన గురించి అప్పటివరకు ఎవరికీ చెప్పని మనిషికి వాటికి జవాబివ్వడమంటే, పరీక్ష ఫలితం కన్నా ముందే తన రహస్యాన్ని బయటపెట్టడం. స్త్రీని పెళ్లాడి, పురుషులతో సంబంధాన్ని ఇంట్లో దాచుకున్న బైసెక్సువల్ పురుషుడికి ఈ బరువు మరీ ఎక్కువ. గే పురుషుల కోసం నడిచే కేంద్రాలు తనవని అతడికి అనిపించవు. మామూలు ఆస్పత్రిలో తెలిసినవారెవరైనా ఎదురుపడతారేమోనన్న బెరుకు. పురుషుల మధ్య సంబంధాన్ని నేరంగా పరిగణించే దేశాల్లోనైతే ఆ జవాబు తనపై తానే ఇచ్చుకునే సాక్ష్యం అవుతుంది.

ఈ సుముఖత మాటలకే పరిమితం కాలేదు. ఆస్ట్రేలియాలో గే, బైసెక్సువల్ పురుషులతో జరిపి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, స్వీయ పరీక్ష కిట్లు అందుకున్నవారు అందుకోనివారికంటే రెండింతలు తరచుగా పరీక్ష చేసుకున్నారు. అమెరికాలో 2,600 మందికి పైగా పురుషులను ఆన్‌లైన్‌లో చేర్చుకుని, సగం మందికి కిట్లను ఇంటికే పంపిన అధ్యయనంలో, ఏడాదిలో కనీసం మూడుసార్లు పరీక్ష చేసుకున్నవారు కిట్లు అందిన వర్గంలో నాలుగింట మూడొంతులకు పైగా ఉండగా, అందని వర్గంలో నాలుగో వంతు కూడా లేరు. అంతేకాదు, కిట్లు అందుకున్నవారు కొన్నింటిని స్నేహితులకూ భాగస్వాములకూ ఇవ్వగా, అలా పరీక్ష చేసుకున్నవారిలోనూ కొత్తగా హెచ్‌ఐవి బయటపడింది. ఏ కేంద్రానికీ రానివారి దగ్గరికి పరీక్ష వారికి నమ్మకమైన మనిషి చేతుల మీదుగా చేరింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 డిసెంబరులో స్వీయ పరీక్షను అదనపు మార్గంగా సిఫారసు చేసింది.

నోటి నమూనాతో చేసే పరీక్షలో మెత్తటి కొన ఉన్న పుల్లను పైచిగుళ్ల మీద ఒకసారి, కిందిచిగుళ్ల మీద ఒకసారి రుద్ది, ద్రావణం ఉన్న చిన్న సీసాలో నిలబెట్టాలి. ద్రవం పుల్లలోని పట్టీ మీదుగా పైకి పాకుతుంది. చిగుళ్ల నుంచి ఊరే ద్రవంలో హెచ్‌ఐవికి విరుద్ధంగా శరీరం తయారుచేసుకున్న యాంటీబాడీలు ఉంటే, ‘టి’ అక్షరం దగ్గర అతుక్కుని గీతగా కనబడతాయి. ‘సి’ దగ్గర గీత పడితేనే పరీక్ష సరిగా జరిగినట్లు. 20 నిమిషాల తర్వాత, 40 నిమిషాల లోపు చూడాలి. ‘టి’ దగ్గర గీత ఎంత లేతగా కనిపించినా దాన్ని గీతగానే లెక్కించాలి.

దీన్ని ఎంతవరకు నమ్మవచ్చన్నది పురుషులు తరచుగా వ్యక్తం చేసే సందేహం, న్యాయమైన సందేహం కూడా. 2012లో అనుమతి పొందిన పరీక్షను మామూలు మనుషులే స్వయంగా చేసుకున్నప్పుడు, హెచ్‌ఐవి ఉన్నవారిలో 92 శాతం మందిని అది గుర్తించింది, లేనివారిలో 99.98 శాతం మందికి లేదనే చెప్పింది. ఈ అంకెల్ని 10,000 మందికి అన్వయించి చూద్దాం. వారిలో 500 మందికి హెచ్‌ఐవి ఉందనుకుంటే, 460 మందికి గీత సరిగా పడుతుంది, 40 మంది తప్పిపోతారు, లేనివారిలో ఇద్దరికి పొరపాటున గీత పడుతుంది. అదే 10 మందికే హెచ్‌ఐవి ఉందనుకుంటే, సరిగా పడే గీతలు తొమ్మిది, పొరపాటువి రెండు. అందుకే గీత పడగానే రోగం నిర్ధారణ అయినట్లు కాదు. ఆస్పత్రిలో మరో పరీక్షతో నిర్ధారించుకోవాలి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మాత్రం గీత పడని సందర్భం. వైరస్ సోకాక ఇలాంటి పరీక్షలో తేలేంతగా యాంటీబాడీలు తయారవడానికి సుమారు మూడు వారాల నుంచి మూడు నెలల దాకా పడుతుంది. ఈ విండో పీరియడ్‌లో ఒంట్లో వైరస్ విపరీతంగా ఉంటుంది, ఇతరులకు సోకే అవకాశమూ ఎక్కువే, పరీక్ష మాత్రం నెగటివ్ అంటుంది. కలయికకు ముందు ఇద్దరూ పరీక్ష చేసుకుని చూసుకుందామని కొందరు పురుషులు ఆలోచిస్తారు. దానివల్ల కొన్ని ప్రమాదాలు తప్పుతాయన్న మాట నిజమే. కానీ ఆ రాత్రి వచ్చిన నెగటివ్ ఫలితం నిన్నమొన్నటి సంగతి చెప్పలేదు. నివారణకు ప్రెప్ మాత్రలు వాడుతున్నవారిలోనూ, చికిత్స తీసుకుంటున్నవారిలోనూ ఫలితం తప్పుగా నెగటివ్ రావచ్చు. పైగా ఒకరి ఒత్తిడితో మరొకరు చేసుకునే పరీక్షను స్వీయ పరీక్ష అనలేం. భాగస్వామి వద్దంటే ఆ మాటను గౌరవించాలి.

గీత పడిన క్షణాన పక్కన ఎవరూ ఉండరన్న బెంగను కూడా ఈ పురుషులే పదేపదే చెబుతున్నారు. ఆ క్షణంలో వారికి తెలిసి ఉండాల్సిన విషయం ఒకటుంది. ఒకరికి హెచ్‌ఐవి ఉండి, మందులతో వైరస్ పూర్తిగా అదుపులో ఉన్న 782 పురుష జంటలను ఐరోపాలో ఏళ్లతరబడి గమనించి, 2019లో వెల్లడించిన ఫలితాల్లో, కండోమ్ లేకుండా కలిసినా ఒక్క భాగస్వామికి కూడా ఆ జంటలోని మనిషి నుంచి వైరస్ సోకలేదని తేలింది. ఈ మాట చెప్పగల కౌన్సెలర్ ఫోన్ నంబరు కిట్ పెట్టె మీదే, ఏ వేళనైనా పలికేలా, పేరు అడగకుండా మాట్లాడేలా ఉండాలి. గీత చూసినవారిలో ఎంతమంది వైద్యుడి దాకా వెళ్లారో లెక్కించడం పరిశోధకులకు కష్టంగానే ఉంటోంది. ఏ గోప్యత వల్ల వారు పరీక్షకు ముందుకొచ్చారో ఆ గోప్యతే ఈ లెక్కకు అడ్డు వస్తుంది. లెక్క కోసం పేర్లు, చిరునామాలు తప్పనిసరి చేస్తే, ఇన్నాళ్లూ కేంద్రాలకు రానివారు కిట్‌కూ దూరమవుతారు.