దుమ్ము పోయింది, వేడి పోలేదు

మొన్నొక ఆదివారం నా పాత ల్యాప్‌టాప్ కింది మూత విప్పి మూడేళ్ల దుమ్ము దులిపాను. ఫ్యాన్‌కీ రాగి రెక్కలకీ మధ్య అది కంబళి ముక్కలా పేరుకుపోయింది. చివర పట్టుకుని లాగితే ఒకే పొరగా ఊడి వచ్చింది. రెక్కల సందులు సరిగా అందడం లేదని హీట్‌సింక్, అంటే చిప్ వేడిని రెక్కల దాకా మోసే రాగి అమరిక, కూడా ఊడదీసి, తుడిచి, మళ్లీ బిగించాను. ఇక దూసుకుపోతుందనుకున్నా. ఆన్ చేసిన ఐదు నిమిషాలకే వీడియో కాల్‌లో బొమ్మ ఆగి ఆగి కదలడం మొదలైంది. శుభ్రం చేయకముందే నయం అనిపించింది.

ఇలాంటప్పుడు చాలామంది మళ్లీ మూత విప్పి మళ్లీ ఊదుతారు. దుమ్ము మీద మనకున్న కసి అలాంటిది. కానీ చిప్‌లో పుట్టిన వేడి బయటికి పోవడానికి చాలా మజిలీలున్నాయి. దుమ్ము అడ్డం పడేది వాటిలో చివరిదానికి మాత్రమే.

అసలు ఆ వేడి ఎంత? బొటనవేలి గోరంత ప్రాసెసర్, అంటే సుమారు ఒకటిన్నర చదరపు సెంటీమీటర్ల చిప్, 45 వాట్లు ఖర్చు చేస్తోందనుకుందాం. చదరపు సెంటీమీటరుకు 30 వాట్లు. 18 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న 1500 వాట్ల కరెంటు పొయ్యి పలకకు ఇదే లెక్క వేస్తే ఆరు వాట్లే వస్తుంది. పొయ్యి కంటే అయిదు రెట్లు చిక్కటి వేడిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంటున్నామన్నమాట.

ఆ వేడిని మోసుకుపోయేది హీట్‌పైప్. చూడ్డానికి మామూలు రాగి గొట్టమే. లోపల గాలి తీసేసి, కాసిని నీళ్లు పోసి, రెండు వైపులా మూసేస్తారు. ఒత్తిడి తక్కువ కాబట్టి అందులో నీరు 100 డిగ్రీలకు చాలా ముందే మరుగుతుంది. ఆవిరి చల్లటి కొసకు పరుగెత్తి, రెక్కల దగ్గర వేడి వదిలేసి మళ్లీ నీరవుతుంది. ఆ నీరు గొట్టం లోపలి గోడకున్న సన్నటి రంధ్రాల పొర ద్వారా, దీపం వత్తి నూనె పీల్చినట్టు, వెనక్కి వస్తుంది. మోటారు లేదు, శబ్దం లేదు. ఈ ఊహకు జనరల్ మోటార్స్‌లో పనిచేసిన రిచర్డ్ గాగ్లర్ 1944లోనే పేటెంట్ పొందాడు. కానీ 1963లో లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ దాన్ని విడిగా మళ్లీ కనిపెట్టేవరకూ ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

గొట్టం ఎంత గొప్పదైనా వేడి ముందు దాని దాకా రావాలి. అసలు చిక్కు అక్కడే. చిప్ పైభాగం, దాని మీద కూర్చునే రాగి పలక మన కంటికి నున్నగానే కనిపిస్తాయి. దగ్గరగా చూస్తే రెండిటి నిండా ఎత్తుపల్లాలే, ఆ పల్లాల్లో గాలే. ఉష్ణవాహకతలో రాగి విలువ సుమారు 400 అయితే గాలిది 0.026, అంటే పదిహేను వేల రెట్లు తేడా. ఆ గాలిని తరిమేసి సందులు నింపడానికే థర్మల్ పేస్ట్. మామూలు పేస్ట్ విలువ 5, 10 మధ్య ఉంటుంది. రాగితో పోలిస్తే నాసిరకమే, గాలితో పోలిస్తే వందల రెట్లు మేలు.

హీట్‌సింక్ ఒకసారి ఎత్తితే ఆ పొర చిరిగిపోతుంది. పాతబడి ఎండిన పేస్ట్ మళ్లీ అతుక్కోదు, మధ్యలో గాలి బుడగలు మిగిలిపోతాయి. నేను చేసిన తప్పు సరిగ్గా ఇదే. “బాగానే ఉంది కదా” అని పాత పేస్ట్ మీదే పలకను బిగించేశాను.

ల్యాప్‌టాప్ నెమ్మదించడం దానికి వచ్చిన జబ్బు కాదు, అది తనను తాను కాపాడుకుంటోంది. చాలా ఇంటెల్ ప్రాసెసర్లకు 100 డిగ్రీలు, చాలా ఏఎండీ వాటికి 95 డిగ్రీలు హద్దు. అక్కడికి చేరగానే చిప్ తన వేగం, వోల్టేజీ తగ్గించుకుంటుంది. దీన్నే థర్మల్ థ్రాట్లింగ్ అంటారు. పుట్టే వేడి వేగాన్ని బట్టి, వోల్టేజీ వర్గాన్ని (వోల్టేజీని వోల్టేజీతోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి మారుతుంది కాబట్టి రెండూ 20 శాతం తగ్గితే వేడి దాదాపు సగమవుతుంది.

అందుకే ఉష్ణోగ్రత, వేగం ఒకేసారి చూడాలి. విండోస్ టాస్క్ మేనేజర్ ప్రాసెసర్ వేగం చూపిస్తుంది గానీ దాని వేడి చూపించదు. హెచ్‌డబ్ల్యూఇన్ఫో లాంటి ఉచిత ప్రోగ్రామ్ రెండూ చూపిస్తుంది. ఏదైనా బరువైన పని మొదలుపెట్టి అంకెలు గమనించండి. రెండు మూడు సెకన్లలోనే 50 నుంచి 95కి ఎగబాకి అక్కడే నిలబడిపోతే, వేడి చిప్ దాటి బయటికి రావట్లేదన్నమాట. పేస్టో, సరిగా కూర్చోని పలకో కారణం. బయటికి వచ్చే గాలి చల్లగా ఉంటే ఇక సందేహమే లేదు. అలా కాకుండా నిమిషాల తరబడి మెల్లగా పెరుగుతూ, గాలి వేడిగానే ఉన్నా బలహీనంగా వస్తుంటే లోపం గాలి దారిలో ఉంది. ఫ్యాన్ వైరు గుచ్చుకోకపోవడం, కింది రంధ్రాలు పరుపు మీద మూసుకుపోవడం, బయటి నుంచి ఊదిన దుమ్ము ఫ్యాన్ లోపలే ఇరుక్కోవడం, వీటిలో ఏదో ఒకటి. టర్బో వేగంలో, అంటే చిప్ కాసేపు మామూలు కంటే వేగంగా పరుగెత్తేటప్పుడు, క్షణంసేపు 90 దాటడం మాత్రం కొత్త ల్యాప్‌టాప్‌లలోనూ మామూలే, టెన్షన్ అక్కర్లేదు.

నెమ్మదిగా ఉంది, వేడీ లేదు, అయితే అది పూర్తిగా వేరే కథ. శుభ్రం చేసేటప్పుడు కదిలిన ర్యామ్ సరిగా కూర్చోకపోతే మెమరీ సగమే కనిపిస్తుంది. బ్యాటరీ వైరు వదులైనా, ఛార్జర్‌ను ల్యాప్‌టాప్ గుర్తించకపోయినా కొన్ని మోడళ్లు వేగాన్ని ఒక గిగాహెర్ట్జ్ కంటే కిందికి దించేసి అక్కడే కట్టిపడేస్తాయి. అప్పుడు ఎంత పేస్ట్ పూసినా ఫలితం సున్నా.

మర్నాడు మళ్లీ విప్పాను. పలక మీద పేస్ట్ ఎండిన చెరువు మట్టిలా పగిలి ఉంది, ఒక మూల రాగి మెరుస్తోంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రెండు వైపులా తుడిచి, చిప్ అంతా పలచగా కప్పేలా కొత్త పేస్ట్ రాశాను. స్క్రూల పక్కన 1, 2, 3, 4 అని అంకెలున్నాయి. మొదటిసారి వాటిని చూసి కూడా పట్టించుకోలేదు. ఒక మూల పూర్తిగా బిగించేస్తే పలక ఎదురు మూలన లేస్తుంది, అందుకే ఆ వరసలో తలా కొంచెం కొంచెం తిప్పాలి. పక్క చిప్‌ల మీదుండే మెత్తటి థర్మల్ ప్యాడ్లు చిరిగితే అదే మందం ఉన్నవే వేయాలి. మందం ఎక్కువైతే పలక ప్రాసెసర్‌ను తాకదు. కొన్ని ఖరీదైన మోడళ్లలో పేస్ట్ బదులు వెండిలా మెరిసే లిక్విడ్ మెటల్ ఉంటుంది. అది కరెంటును పోనిస్తుంది, అల్యూమినియాన్ని తినేస్తుంది. అలాంటిది కనిపిస్తే మూత మూసి, తెలిసినవాళ్ల చేతికివ్వడమే మంచిది.

ముందు 97 దగ్గర కొట్టుకున్న నా ప్రాసెసర్ ఇప్పుడు అదే వీడియో కాల్‌కి 76 దగ్గర నిలుస్తోంది. ఫ్యాన్ మాత్రం సన్నగా గరగరలాడుతోంది. ఆ ఆదివారం రెక్కల్ని వేలితో పట్టుకోకుండా డబ్బా గాలి కొట్టాను, అది తిరగాల్సినదానికంటే చాలా వేగంగా గిర్రున తిరిగింది. ఈల వేసినట్టు వచ్చిన శబ్దం నాకప్పుడు సరదాగా అనిపించింది. బేరింగ్ అరిగినట్టుంది. కొత్త ఫ్యాన్ కోసం చూస్తున్నాను.