తేయాకు, ఇనుము, మురుగునీరు

చిరంజీవులకు ఆశీస్సులు.

తేయాకు డికాషన్‌తో కర్మాగారాల మురుగునీటిని శుభ్రం చేయవచ్చట, నిజమేనా అని అడిగారు. నిజమే. కానీ మీరు చదివిన వార్తలో ఉన్నంత తేలిక కాదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

శుభ్రం చేసేది ఆకు కాదు, ఇనుము. ఆ ఇనుమును సన్నని రేణువులుగా చేయడానికే ఆకు తోడ్పడుతుంది. తన ఎలక్ట్రాన్లను ఎదుటి పదార్థానికి ఇచ్చే గుణం ఇనుముకు ఉంది. తోళ్ల శుద్ధి, క్రోమియం పూత పనులు జరిగే చోట్ల నీటిలో హెక్సావలెంట్ క్రోమియం అనే విషపు రూపంలో క్రోమియం లోహం చేరుతుంటుంది. అది క్యాన్సర్ కారకం, పైగా నీటిలో కరిగి భూగర్భంలోకి ఇంకుతుంది. ఇనుము నుంచి ఎలక్ట్రాన్లు అందుకుంటే అదే క్రోమియం చాలా తక్కువ హాని చేసే రూపానికి మారి, మడ్డిగా అడుగుకు దిగుతుంది.

ఈ చర్య ఇనుము పైతలం మీదే జరుగుతుంది కాబట్టి ముక్క ఎంత చిన్నదైతే అంత మేలు. ఒక సెంటీమీటరు ఘనానికి పైతలం 6 చదరపు సెంటీమీటర్లు. దాన్నే 100 నానోమీటర్ల (నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు) ఘనాలుగా కోస్తే మొత్తం పైతలం 60 చదరపు మీటర్లు! నమ్మకపోతే కాగితం మీద లెక్క వేసి చూడండి.

అంత సన్నని రేణువుల కోసం సాధారణంగా సోడియం బోరోహైడ్రైడ్ అనే రసాయనం వాడతారు. అది విషం, మండే హైడ్రోజన్‌ను కూడా వదులుతుంది. 2009లో అమెరికాలో జార్జ్ హోగ్, రాజేందర్ వర్మ బృందం దానికి బదులు గ్రీన్ టీ డికాషన్‌ను ఐరన్ నైట్రేట్ ద్రావణంలో కలిపింది. వేడి చేయనక్కరలేకుండానే ద్రావణం నల్లబడింది. ఆకులోని పాలీఫినాల్స్ అనే పదార్థాలు ద్రావణంలో కరిగిన ఇనుముకు ఎలక్ట్రాన్లు ఇచ్చి లోహపు ఇనుముగా మారుస్తాయనీ, రేణువులు ఒకదానికొకటి అంటుకోకుండా చుట్టూ పొరగా నిలుస్తాయనీ వారి వివరణ. హైడ్రోజన్ పెరాక్సైడ్ తోడైతే ఆ రేణువులు బ్రోమోథైమాల్ బ్లూ అనే రంగును విరగ్గొట్టాయి.

ఆ నలుపు మన శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులకు కొత్త కాదు. బట్టను ముందుగా కరక్కాయ, పాలు కలిపిన నీటిలో తడిపి ఆరబెడతారు. బెల్లం నీటిలో తుప్పు ఇనుమును రోజుల తరబడి ఊరబెట్టి, ఆ ద్రవంలో కలం ముంచి గీస్తారు. పలుచగా పడిన గీత కరక్కాయలోని టానిన్ అనే వగరు పదార్థంతో కలిసి చూస్తుండగానే చిక్కటి నలుపుకు తిరుగుతుంది. అక్కడ పుట్టేది లోహపు ఇనుము కాదు, ఇనుమూ టానిన్ కలిసిన సమ్మేళనం. మరి టీ గ్లాసులోని నలుపు ఏమిటి?

చెక్ దేశంలోని ఓలోమౌట్స్ శాస్త్రవేత్తలు సరిగ్గా ఇదే పరిశీలించారు. 2014లో వారు తేల్చింది ఏమిటంటే, గ్రీన్ టీతో వచ్చినవి ఇనుము–పాలీఫినాల్ సమ్మేళనాల రేణువులు. అంతేకాదు, నీటిలో బతికే చిన్న జీవులకు అవి గట్టి హాని చేశాయి. మొక్క నుంచి వచ్చింది కాబట్టి మంచిదే అనుకోవడం నాకు ససేమిరా నచ్చదు. ఈ పద్ధతి మీద నాకు ఆశ ఉంది, చౌకగా దొరికే ఆకుతో ఇంత పని జరగడం చిన్న విషయం కాదు. అయితే శుద్ధి అయ్యాక ఆ రేణువులను నీటి నుంచి ఎలా తీస్తారో, క్రోమియం మడ్డిని ఎక్కడ దాస్తారో చెప్పని ప్రయోగాన్ని నేను సగం ప్రయోగమనే అంటాను.

మీరూ చూడాలనుకుంటే ఇనుప మేకును రెండు రోజులు వెనిగర్‌లో నానబెట్టి, ఆ నీటిని చిక్కటి టీ డికాషన్‌లో చుక్కలుగా వేయండి. పాలు కలపకండి, తాగకండి, పెద్దవాళ్లను పక్కన ఉంచుకోండి. గ్రీన్ టీ, మామూలు టీ, కరక్కాయ కషాయం మూడింటితో చేసి, ఏది ఎంత నల్లబడిందో నాకు రాయండి.

మీ తాతయ్య